విషం అని రాసే ముందు మొప్పలు చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ జిల్లా పేజీలో చేపల చెరువులో విషప్రయోగం జరిగిందని ఒక వార్త వేశారు. తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోయాయని, గిట్టనివాళ్లెవరో మందు కలిపి ఉంటారని రైతు అనుమానిస్తున్నాడని, ఉదయం పదకొండు గంటలకు నీటిని పరీక్షిస్తే ఆక్సిజన్ బాగానే ఉందని తేలింది కాబట్టి విషమే అయి ఉండొచ్చని రాశారు. విషపు నీరు చేపల ఊపిరితిత్తుల్లోకి చేరిందని కూడా ఒక వాక్యం ఉంది.

చేపకు ఊపిరితిత్తులు ఉండవని తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మాటకొస్తే ఊపిరితిత్తులున్న చేపలూ ఉన్నాయి. అవి ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి, కొల్లేటి చుట్టుపక్కల లేవు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ పదకొండు గంటల పరీక్ష.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 32 ఏళ్లు జీవశాస్త్రం చెప్పి 2019లో రిటైరయ్యాను. మాది కైకలూరు మండలం. 2022 దాకా కృష్ణా జిల్లా వాళ్లం, ఇప్పుడు ఏలూరు జిల్లా వాళ్లం. మావారికి నాలుగెకరాల చేపల చెరువు ఉంది. మొప్పల బొమ్మ నేను బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు, కళ్లు మూసుకుని గీస్తాను. అలాంటి నేను మా సొంత చెరువులో చేపలు ఊపిరాడక చస్తే విషం అనుకున్నాను. ఏ పాపం తెలియని మనిషిని అనుమానించాను.

2011 ఆగస్టు. మూడు రోజులుగా ముసురు, సూర్యుడి మొహం చూడలేదు. చెరువు నీళ్లు అప్పటికే గోంగూర ఉడికించిన నీళ్లలా చిక్కగా ఉన్నాయి. ఆ ఏడు కోళ్లపెంట, తవుడు కాస్త ఎక్కువే పడ్డాయి. చేపలు కిలో, కిలోంపావు తూగుతున్నాయి, వినాయక చవితి వెళ్లాక పట్టుబడి పెట్టుకుందామనుకున్నాం. నాలుగో రోజు తెల్లవారుజామున కాపలా మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మగారూ, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తన్నాయండి" అన్నాడు. రాత్రి కరెంటు లేదు. ఇంజను తెచ్చి నీళ్లు కొట్టించేసరికే చేయి దాటిపోయింది. తెల్లారాక చూస్తే గట్టు పొడవునా తెల్లటి పొట్టలు. ముందు పోయినవి పెద్ద బొచ్చెలు, ఆ తర్వాత శీలావతులు.

తేలిన ప్రతి చేపా నోరు బార్లా తెరిచి ఉంది. మొప్పల మూతలు రెండూ చేటల్లా విచ్చుకుని నిలబడి ఉన్నాయి. ఆఖరి క్షణం దాకా గుటక గుటకకూ వెతుక్కున్న చేప అలాగే ఉంటుంది. అంత స్పష్టంగా కళ్ల ముందు కనిపిస్తున్నా నాకు తట్టలేదు.

ఎందుకు తట్టలేదంటే, పక్క చెరువు ఆయనకూ మావారికీ గట్టు దగ్గర అంతకు రెండు నెలల ముందే మాటామాటా అయింది. ఇక వేరే కారణం ఎవరు వెతుకుతారు? మధ్యాహ్నానికి ఊరంతా విషమే. మర్నాడు ఒక పేపర్లోనూ విషమే (మీది కాదు లెండి). కేసు దాకా వెళ్లలేదు కానీ రాకపోకలు ఆగిపోయాయి. రెండేళ్ల తర్వాత ఆయన కూతురి పెళ్లికి ఊళ్లో మా ఇంటికి తప్ప అందరికీ శుభలేఖ అందింది.

ఇప్పుడు పాఠం చెబుతాను, ఓపిక పట్టండి. పాత అలవాటు.

చేప నీళ్లలో ఉండి పీల్చేది దేన్ని అని అడిగితే ప్రతి ఏడూ క్లాసులో ఒకే జవాబు. "హెచ్ టూ ఓ లో ఓ ఉంది కదా టీచర్, దాన్ని." కాదు. నీటి అణువులో ఉన్న ఆక్సిజన్ హైడ్రోజన్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది, దాన్ని విడదీయడం చేప వల్ల కాదు. గోలీసోడాలో గ్యాస్ కరిగి ఉన్నట్టు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజనే దానికి దిక్కు. అది ఎంతో తెలుసా? లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న మంచినీరు, అంటే మా చెరువు లాంటిది, గాలి నుంచి తీసుకుని దాచుకోగలిగేది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు. మిల్లీలీటర్లలో అయితే ఐదుకు కాస్త పైన. గాలితో పోలిస్తే నలభయ్యో వంతు. నీరు 20 డిగ్రీలకు చల్లబడితే తొమ్మిది మిల్లీగ్రాములు పడుతుంది. ఎండలు ముదిరే కొద్దీ చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే నీటిలో తక్కువ పడుతుంది.

ఇంకో చిక్కు బరువు. లీటరు గాలి గ్రామున్నర కూడా తూగదు, లీటరు నీరు కిలో. మనకు ఒక్క లీటరు గాలిలో దొరికే ఆక్సిజన్ చేపకు దొరకాలంటే 40 కిలోల నీటిని మొప్పల మీదుగా నడిపించాలి. అంత బరువును లోపలికి లాక్కుని, ఆపి, మళ్లీ అదే దారిన వెనక్కి తోయాలంటే వచ్చిన ఆక్సిజన్ ఆ కూలికే సరిపోతుంది. అందుకని చేప నీటిని వెనక్కి తిప్పదు. నోట్లోంచి లోపలికి, మొప్పల సందుల్లోంచి బయటికి. నోరు తెరిచినప్పుడు మొప్ప మూత మూసుకుంటుంది, నోరు మూసినప్పుడు మూత తెరుచుకుంటుంది. ఎవరింట్లోనైనా అక్వేరియం ఉంటే రెండు నిమిషాలు కూర్చుని చూడండి.

ఈసారి చేపల మార్కెట్‌కి వెళ్లినప్పుడు, తాజాదో కాదో చూడటానికి మొప్ప ఎత్తుతారు కదా, ఇంకాస్సేపు చూడండి. ఒక్కో వైపు నాలుగు వంపు కమ్ములు. ప్రతి కమ్మికీ రెండు వరసల ఎర్రటి పోగులు, దువ్వెన పళ్లలాగా. ప్రతి పోగుకూ ఇటూ అటూ కంటికి ఆనని పల్చటి రేకులు. ఆ రేకుల్లో నెత్తురు పారుతుంది, ఎరుపు దానిదే. నీటికీ ఆ నెత్తురుకూ మధ్య ఉన్న గోడ మిల్లీమీటరులో వందో వంతు మందం కూడా ఉండదు. ఆక్సిజన్ అటు నుంచి లోపలికి, బొగ్గుపులుసు వాయువు ఇటు నుంచి బయటికి, దేని దారిన అది ఆ గోడ దాటుతాయి. తోసేవాళ్లు లేరు, లాగేవాళ్లు లేరు. ఏ వాయువైనా ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి వెళ్తుంది, అంతే. మన ఊపిరితిత్తుల్లోనూ ఇదే సూత్రం.

అసలు చమత్కారం ఆ రేకుల్లో నెత్తురు పారే దిక్కులో ఉంది. నీరు ఇటు నుంచి అటు పోతుంటే నెత్తురు అటు నుంచి ఇటు వస్తుంది. ఎదురెదురు. దీనివల్ల ఏం లాభమో బొమ్మ గీసి చెబితే పిల్లలకు ఎక్కేది కాదు. చింతగింజలతో ఎక్కింది.

స్కూలు వరండాలో పిల్లల్ని రెండు వరసలుగా నిలబెట్టేదాన్ని. ఒక వరస నీళ్లు, ఒక్కొక్కరి చేతిలో పది గింజలు. రెండో వరస నెత్తురు, చేతులు ఖాళీ. ఎదురుపడ్డ ఇద్దరూ తమ దగ్గరున్నవి కలిపి చెరిసగం పంచుకోవాలి. ముందు రెండు వరసల్నీ జంటలుగా ఒకే దిక్కుకు నడిపించేదాన్ని. మొదటి పంపకంలోనే ఐదూ ఐదూ అయిపోతుంది. ఆ తర్వాత స్కూలు గేటు దాకా పక్కపక్కన నడిచినా ఒక్క గింజ చేతులు మారదు. సగం నీళ్లతోనే కొట్టుకుపోయినట్టు.

తర్వాత ఒక వరసను వెనక్కి తిప్పి, ఒక్కొక్కరికి నలుగురు ఎదురయ్యేలా నడిపించేదాన్ని. మొదటి కొద్దిమందికి లెక్క కుదరదు, వరస సాగాక చూడాలి. ఖాళీ చేతులతో బయల్దేరిన నెత్తురు పిల్లకు ముందుగా ఎదురయ్యేది, అప్పటికే ముగ్గురికి పంచి నాలుగు గింజలతో మిగిలిన నీళ్ల పిల్లాడు. చెరో రెండు. తర్వాతివాడి దగ్గర ఆరున్నాయి, ఈమె రెండూ కలిపితే చెరో నాలుగు. ఆ తర్వాతివాడి దగ్గర ఎనిమిది, చెరో ఆరు. చివరగా అప్పుడే పది గింజలతో బయల్దేరినవాడు ఎదురవుతాడు, చెరో ఎనిమిది. పదికి ఎనిమిది నెత్తురు పిల్ల చేతికి వచ్చేశాయి. నీళ్ల పిల్లాడు రెండు గింజలతో బయటికి పోతాడు. గింజలు అవే, పంపకం అదే, మారింది నడిచే దిక్కు ఒక్కటే. మంచి మొప్పలు కూడా తమ మీదుగా పోయే నీటి ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాగేస్తాయి. ఆ ఆట ఆడిన పిల్లలు ఇప్పుడు కనబడినా "టీచర్, చింతగింజలు" అని నవ్వుతారు. చింతగింజల్ని మర్చిపోనివాళ్లు మొప్పల్నీ మర్చిపోరని నా ఆశ.

ఈ లెక్కన చూస్తే మన ఊపిరితిత్తులు దుబారా మనుషులు. 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్చి, 16 శాతం ఉన్నది వదిలేస్తాం. నాలుగో వంతు వాడుకుని మిగతాది పారబోస్తాం. వచ్చిన దారినే పోవాలి కాబట్టి, మామూలుగా ఊపిరి వదిలాక కూడా లోపల రెండు లీటర్లకు పైగా పాతగాలి మిగిలే ఉంటుంది. కొత్తగా పీల్చిన అర లీటరు దాంట్లో కలుస్తుంది. అయినా మనకు చెల్లుతుంది, గాలిలో సరుకు అంత ఉంది. పైగా లోపల బుల్లి గాలిబుడగల్లాంటి వాయుగోణులు 30 కోట్లకు పైగా ఉన్నాయి. వాటన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లు, చిన్న డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ నేలంత. గోడ మందం మిల్లీమీటరులో రెండు వేలో వంతు. ఆ గోడ పక్కనుంచి ఎర్ర రక్తకణం వెళ్లే సమయం ముప్పావు సెకను, అందులో మొదటి పావు సెకనులోనే అది ఆక్సిజన్ నింపేసుకుంటుంది. వాయుగోణుల చుట్టూ అల్లుకున్న ఆ సన్నటి రక్తనాళాల్ని మొదట చూసినవాడు ఇటలీకి చెందిన మాల్పీజీ, 1661లో, కప్ప ఊపిరితిత్తిలో. వానాకాలం మా కాలవగట్టున గోల చేసే కప్పల్ని తిట్టుకునేటప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఆటపాక పక్షుల కేంద్రం మాకు దగ్గరే. అక్కడి గూడబాతుల ఊపిరితిత్తుల్లో గాలి మనలా వచ్చిన దారినే పోదు, చేప మొప్పల మీద నీరులా ఒకే దిక్కుకు పారుతుంది. గాలిసంచులు అటూ ఇటూ ఉండి కొలిమితిత్తుల్లా నడిపిస్తాయి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లిన రోజు ఇదంతా చెబుతుంటే ఒకడు కూడా వినలేదు, అందరూ గూడబాతు నోటి కింద సంచినే చూస్తున్నారు. దారి తప్పుతున్నాను, చెరువు దగ్గరికి వస్తాను.

గాలిలో నలభై రెట్లు ఆక్సిజన్ ఉంటే చేప గట్టు మీద ఎందుకు చస్తుంది? తలస్నానం గుర్తు తెచ్చుకోండి. తల నీళ్లలో ముంచితే వెంట్రుకలు విడివిడిగా తేలతాయి, పైకి తీయగానే ఒకటే ముద్ద. మొప్పల రేకులు కూడా అంతే. నీరు మోస్తున్నంతసేపూ విప్పారి ఉంటాయి, గాలిలోకి రాగానే ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఎకరాల విశాలం అరచేతిలోకి కుంచించుకుపోయినట్టు. చుట్టూ ఆక్సిజనే, తీసుకునే చోటు లేదు.

మా చెరువులో 2011లో జరిగింది దీనికి తిరగేసిన సంగతి. మొప్పలు బాగున్నాయి, నీటిలోనే లేదు. చెరువు పచ్చగా ఉందంటే అందులో కంటికి కనబడని నాచు కోట్లలో ఉందని అర్థం. పగలు ఎండలో అది ఆక్సిజన్ తయారు చేస్తుంది, ఒక్కోసారి నీరు పట్టలేనంత. రాత్రి పడగానే అదే నాచు మనలాగే ఆక్సిజన్ తీసుకుంటుంది. దాంతోపాటు చేపలు, అడుగున కుళ్లుతున్న పెంట, తవుడు, వాటి మీద బతికే సూక్ష్మజీవులు, అన్నీ ఒకే గిన్నెలోంచి తాగుతాయి. సాయంత్రం నిండుగా ఉన్న గిన్నె తెల్లవారుజాముకు అడుగంటుతుంది. మర్నాడు ఎండ వస్తే మళ్లీ నిండుతుంది. మూడు రోజులు ముసురు పట్టిందంటే నిండదు. ఉన్నదాంట్లోంచే ఖర్చు. మా బొచ్చెలు నాలుగో రాత్రి దాకా తట్టుకున్నాయంటేనే గొప్ప. ఆ వేళకు నీటిలో బొగ్గుపులుసు వాయువు కూడా పేరుకుని ఉంటుంది, అది నెత్తురు ఆక్సిజన్ పట్టుకునే శక్తిని ఇంకాస్త దెబ్బ తీస్తుంది. లీటరుకు ఐదు మిల్లీగ్రాములుంటే చేప సుఖంగా ఉంటుంది. రెండుకు దిగితే నోళ్లు పైకొస్తాయి. నీటి ఉపరితలంలో, గాలి తగిలే ఆ పల్చటి పొరలో కాస్త ఎక్కువ ఉంటుందని దానికి తెలుసు.

ఈ ముక్క నాకు 2014లో గాని వెలగలేదు. అదీ నా అంతట నాకు కాదు. పదో తరగతి శ్వాసక్రియ పాఠం చెబుతున్నాను. చేపలమ్మే ఇంటి పిల్ల ఒకతి లేచి, "టీచర్, మరి మా అమ్మ కొరమీనుల్ని రెండంగుళాల నీళ్లున్న బేసిన్లో పెడితే సాయంత్రం దాకా బతికే ఉంటాయెందుకు?" అంది. జవాబు నాకు తెలుసు. కొరమీనుకు మొప్పల పైన ఒక అర ఉంటుంది, పైకొచ్చి గాలి గుటక వేసి అందులో పెట్టుకుంటుంది. దాని మొప్పలొక్కటే దానికి చాలవు. పైకి రానివ్వకుండా నీళ్లలోనే ఉంచితే కొరమీను మునిగి చస్తుంది. చేప మునిగి చావడమేంటని క్లాసంతా నవ్వింది. మట్టగిడసలకూ మార్పు చేపలకూ ఇలాంటి ఏర్పాట్లే ఉన్నాయి. ఇప్పుడు చెరువుల్లో పెంచే పంగాసియస్, మావాళ్లు ఫంగస్ అంటారు, అది గాలితిత్తితో గాలి పీలుస్తుంది.

ఆ జవాబు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. మూడేళ్ల కింద ఆ పొద్దున మా కాపలా మనిషి చచ్చిన చేపల్ని ఏరుతూ అన్న మాట గుర్తొచ్చింది. "కొరమీనులు మాత్రం ఒక్కటీ పోలేదండి, గట్టు వారన ఎలా తిరుగుతున్నాయో చూడండి." రెండింటిని కూరకు పట్టుకెళ్లాడు కూడా. మందు కలిపిన నీళ్లలో కొరమీను మాత్రం ఎలా బతుకుతుంది? కప్పలు అరుస్తూనే ఉన్నాయి. నీటిపురుగులు తిరుగుతూనే ఉన్నాయి. చచ్చినవన్నీ కేవలం మొప్పల మీదే ఆధారపడినవి. అందులోనూ ముందు పెద్దవి. ఆ పీరియడ్‌లో ఇంకేం చెప్పానో నాకు గుర్తులేదు.

ఇప్పుడు మీ పదకొండు గంటల సంగతి. మబ్బు విడి ఎండ వచ్చిందంటే నాచు పని మొదలుపెడుతుంది. పదకొండింటికి నీళ్లు పరీక్షిస్తే ఆక్సిజన్ ఎంతో కొంత కోలుకునే ఉంటుంది. పైగా పీల్చుకునే చేపలు అప్పటికే పోయాయి. నాలుగింటికి ఊపిరాడక పోయినవాడి గదికి మధ్యాహ్నం వెళ్లి, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, గాలి బాగానే వస్తోంది, కాబట్టి ఎవరో చంపేశారు అంటే ఎలా ఉంటుంది? ఆ పరీక్ష తప్పు కాదు, ఆ వేళ తప్పు. ఆ వేళను చూపించి విషం అని తేల్చడం ఇంకా పెద్ద తప్పు.

విషం కలపడం ఎక్కడా జరగదని నేననడం లేదు. పైరు మందులు కాలవలో కడిగితే చెరువులు దెబ్బతినడమూ ఉంది. కాకపోతే దానికి తెల్లవారుజామే కానక్కర్లేదు, గాలి పీల్చే చేపలూ కప్పలూ తప్పించుకోవాలని లేదు. అనుమానం ఉంటే ఆ పూటే నీళ్లు సీసాలో పట్టి, చచ్చిన చేపను ఐసులో పెట్టి ల్యాబుకు పంపితే తేలుతుంది. ముందు పేరు రాసేసి తర్వాత ల్యాబు దగ్గరికి వెళ్తే ఏం లాభం.

రైతులకూ ఒక మాట. ఆక్సిజన్ పడిపోయిందనగానే ఆక్సిజన్ గుళికలు చల్లడం మనకు అలవాటైంది. ఆ రోజు మేమూ రెండు కిలోలు చల్లాం. తర్వాత తీరిగ్గా లెక్క వేశాను. ఎకరం చెరువు, ఐదడుగుల నీరు అంటే సుమారు 60 లక్షల లీటర్లు. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము పెంచాలన్నా ఆరు కిలోల ఆక్సిజన్ కావాలి. ఆ గుళికల్లో ఉండే సోడియం పర్‌కార్బొనేట్ పూర్తి శుద్ధమైనదైనా దాన్నుంచి వచ్చే ఆక్సిజన్ బరువులో 15 శాతం. అంటే ఎకరానికి 40 కిలోలు చల్లితే ఒక్క మిల్లీగ్రాము. మేం నాలుగెకరాలకు చల్లింది రెండు కిలోలు. దిష్టి తీసినట్టు. నీళ్లు చిలికే ఏరియేటరు తిప్పడం, కొత్త నీరు పెట్టడం, ముసురు రోజుల్లో మేత ఆపడం, ఇవే పని చేసేవి. ఏరియేటరు చేసేదీ మొప్ప చేసేదే, నీటికీ గాలికీ తగిలే చోటు పెంచడం. రాత్రి పూట కరెంటు పోతే జనరేటరు లేని చిన్న రైతు ఏం చేయాలన్నది వేరే ప్రశ్న, దాని మీద మీరు ఒక పేజీ రాసినా చదువుతాను.

నేను 2014లోనే మావారికి చెప్పాను. ఆయన వినలేదు. "నీ పాఠం బళ్లో చెప్పుకో" అన్నారు. మూడేళ్లు ఒకరి మీద పెంచుకున్న కోపం చింతగింజల లెక్కకు కరగదు.

2021 మేలో ఆయనకు కరోనా వచ్చింది. వేలికి తొడిగే చిన్న మీటరు 88 చూపించింది. ఆస్పత్రుల్లో బెడ్లు లేవు. డాక్టరు గారు ఫోన్లో బోర్లా పడుకోబెట్టమన్నారు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు ఒకటి ఎలాగో దొరికింది. గదిలో గాలి ఎప్పటిలాగే ఉంది, అందులో ఆక్సిజన్ 21 శాతం ఉంది. లేనిదల్లా దాటే దారి. వాయుగోణుల్లో నెమ్ము చేరి, ఆ పల్చటి గోడ వాచిపోయింది. మూడో రోజు రాత్రి ఎగశ్వాస మధ్య నా వైపు తిరిగి, "మన బొచ్చెలకి ఆ రోజు ఇలాగే ఉండుంటుందా?" అన్నారు. ఉండుంటుందన్నాను.

కోలుకుని నడక మొదలుపెట్టాక ఒక సాయంత్రం నాతో చెప్పకుండా పక్క చెరువు ఆయన ఇంటికి వెళ్లారు. గంట తర్వాత వచ్చారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏముంది, కాఫీ ఇచ్చారు, తాగాను" అన్నారు. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి వాళ్లింటి నుంచి అరిసెలు వచ్చాయి.

మీ విలేకరులకు నా మనవి ఒక్కటే. ఇలాంటి వార్త వచ్చినప్పుడు, చేపలు ఏ వేళ తేలాయి, ముందు ఏవి పోయాయి, కొరమీనులూ కప్పలూ ఏమయ్యాయి, అంతకు ముందు రెండు మూడు రోజులు ఎండ ఉందా, రాత్రి కరెంటు ఉందా అని అడగమనండి. చచ్చిన చేప నోరు, మొప్ప మూతలు ఎలా ఉన్నాయో ఫొటో తీయమనండి. అవి రాశాక, రైతు ఎవరిని అనుమానిస్తున్నాడో రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. మా ఊళ్లో ఆ ఒక్క మాట పదేళ్లు నిలబడింది.

మీ విలేకరి ఎవరైనా మా వైపు వస్తే చెరువు దగ్గర కరిగిన ఆక్సిజన్ కొలిచి చూపిస్తాను. మీటరు నా దగ్గరే ఉంది, రిటైర్మెంట్ డబ్బుల్లో నేను నా కోసం కొనుక్కున్న మొదటి వస్తువు అదే. కాకపోతే తెల్లవారుజామున నాలుగింటికి రావాలి. టీ నేను పెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
కైకలూరు మండలం, ఏలూరు జిల్లా